ఎక్సెల్, ఆర్, పైథాన్: డిగ్రీలో స్టాటిస్టిక్స్ మొదలుపెట్టేవారు ముందు దేన్ని పట్టుకోవాలి?

డిగ్రీ క్లాసులు మొదలైన కొత్తలో గుంటూరులోనైనా, విజయవాడలోనైనా స్టాటిస్టిక్స్ చెప్పే టీచర్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సార్, పైథాన్ నేర్చుకోమంటారా, ఆర్ నేర్చుకోమంటారా? మా అన్నయ్యేమో ఎక్సెల్ చాలంటున్నాడు." నేనూ డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టే చెబుతాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏటా తప్పదు. (ఆర్, పైథాన్ రెండూ కంప్యూటర్‌తో లెక్కలు చేయించే ప్రోగ్రామింగ్ భాషలు.) పిల్లలు అడగడంలో తప్పేమీ లేదు. బ్రాడీపేటలో చూసినా, బెంజ్ సర్కిల్ దగ్గర చూసినా డేటా సైన్స్ కోచింగ్ బోర్డులే. ఇంట్లో వాళ్లు అప్పు చేసైనా ఫీజు కట్టడానికి సిద్ధపడతారు. దేనికి కట్టాలో, అసలు కట్టాలో వద్దో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి సెమిస్టర్‌కి కాగితం, కాలిక్యులేటర్, ఎక్సెల్. ఆ తర్వాత స్టాటిస్టిక్స్ మేజర్ వాళ్లు ఆర్ పట్టుకోవాలి, బీసీఏ, బీటెక్ లాంటి కంప్యూటర్ కోర్సుల వాళ్లు పైథాన్ పట్టుకోవాలి. రెండూ ఒకేసారి వద్దు. డబ్బు కట్టి కోచింగ్‌లో చేరడం గురించి అన్నిటికంటే చివర ఆలోచించాలి. ఈ వరుస ఎందుకో, ఎవరి విషయంలో ఇది మారుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు కాగితం ఎందుకు

మొదటి కారణం పరీక్ష. యూనివర్సిటీ థియరీ పేపర్లో మీ చేతిలో పెన్నూ కాలిక్యులేటరే ఉంటాయి. ఫ్రీక్వెన్సీ టేబుల్ ఇచ్చి మీడియన్ (మధ్యగతం) కట్టమంటారు, కోరిలేషన్ (రెండు విషయాల మధ్య సంబంధం ఎంతో చెప్పే కొలత) లెక్క చేయమంటారు. లాప్‌టాప్‌లో ఒక్క లైనుతో జవాబు రప్పించడం అలవాటైన పిల్లలు ఆ రోజు హాల్లో తడబడతారు. కాబట్టి మీ కాలేజీ సిలబస్ కాపీ, పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు ముందు దగ్గర పెట్టుకోండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులు ఉండనే ఉన్నాయి. స్టాటిస్టిక్స్ పుస్తకం పాత ఎడిషన్ అయినా పరవాలేదు. మీన్, మీడియన్ కట్టే పద్ధతి ఎడిషన్ మారినప్పుడల్లా మారదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే లెక్కకు ఒకే జవాబు ఇస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అయిదుగురు విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు తీసుకోండి: 12, 15, 11, 18, 14. మొత్తం 70, సగటు 14. సగటు నుంచి తేడాలు వరసగా మైనస్ 2, 1, మైనస్ 3, 4, 0. వాటి వర్గాల మొత్తం 30. దీన్ని 5తో భాగిస్తే వేరియన్స్ (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 6, దాని వర్గమూలమైన స్టాండర్డ్ డీవియేషన్ 2.45. ఒకటి తగ్గించి 4తో భాగిస్తే వేరియన్స్ 7.5, స్టాండర్డ్ డీవియేషన్ 2.74.

ఇప్పుడు ఇవే అయిదు అంకెల్ని ఒక్కో దాంట్లో వేసి చూడండి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ స్టాట్ మోడ్‌లో రెండు జవాబులూ వేర్వేరు గుర్తులతో కనిపిస్తాయి. ఎక్సెల్లో రెండు వేర్వేరు ఫార్ములాలు ఉంటాయి, చివర ఎస్ అని ఉన్నది 2.74 ఇస్తుంది, పి అని ఉన్నది 2.45 ఇస్తుంది. ఆర్‌లో ఎస్‌డీ అని అడిగితే 2.74 మాత్రమే వస్తుంది. పైథాన్‌లో నమ్‌పై అనే లైబ్రరీని (ముందే రాసిపెట్టిన కోడ్ సంపుటిని) అడిగితే 2.45 అంటుంది, అదే పైథాన్‌లో పాండాస్ అనే ఇంకో లైబ్రరీని అడిగితే 2.74 అంటుంది. ఏదీ తప్పు లెక్క కాదు. ఆ అయిదుగురే మీ క్లాసు మొత్తం అయితే 5తో భాగించాలి. పెద్ద క్లాసులోంచి తీసిన శాంపిల్ అయితే 4తో భాగించాలి, ఎందుకంటే సగటును కూడా ఆ శాంపిల్ నుంచే తీశాం కాబట్టి అంకెలు దాని చుట్టూ అసలు కంటే దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకటి తగ్గించి భాగించడం ఆ లోటును సరిచేస్తుంది. ఈ తేడా కాగితం మీద ఒకసారి చేసి చూసినవాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా భయం ఉండదు. చేయనివాళ్లు రెండు స్క్రీన్ల మీద రెండు జవాబులు చూసి కంప్యూటర్ పాడైందనుకుంటారు.

ప్రపంచానికి తెలిసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి బడి చదువులో కొంత మన నూజివీడు, నందిగామల్లోనే సాగింది. 1945లో, కంప్యూటర్లు లేని రోజుల్లో, అప్పటికి పాతికేళ్లయినా నిండకముందే ఆయన రాసిన ఒక్క పేపరు ఇవాళ్టికీ ఎస్టిమేషన్ పాఠానికి పునాది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చూపించిన క్రామర్–రావు ఫలితం అందులోదే. ఆ పనికే 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. కాగితం దశను వృథా అనుకునే పిల్లలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

ఎక్సెల్: ఎవరికి చాలు, ఎక్కడ చాలదు

బీకాం, బీబీఏ వాళ్లకు డిగ్రీ అంతటికీ ఎక్సెల్ చాలు. ఇందులో మొహమాటం లేదు. పివట్ టేబుల్, చార్టులు, డేటా అనాలిసిస్ టూల్‌పాక్ బాగా వచ్చినవాళ్లకు ఆడిటర్ ఆఫీసులోనైనా, బ్యాంకులోనైనా పనికి లోటుండదు. లైసెన్స్ లేకపోతే లిబ్రాఫీస్ కాల్క్ ఉచితం. ఫోను తప్ప ఏమీ లేనివాళ్లకు గూగుల్ షీట్స్ ఉంది.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఎక్సెల్ నిజంగా అక్కరకొచ్చే చోటు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఊళ్లోకి వెళ్లి ఇంటింటి సర్వే చేసి ఫారాలు నింపుకొస్తారు. అదంతా సొంత డేటా. చేతిలో అంత మంచి ముడిసరుకు పెట్టుకుని, చాలామంది రిపోర్టులో నాలుగు పై చార్టులు అతికించి వదిలేస్తారు. నాకు బాధగా ఉండేది అక్కడే.

ఆ ఫారాలు ఎక్సెల్లో ఎక్కించే పద్ధతి ఒక్కటి నేర్చుకుంటే సగం డేటా అనాలిసిస్ వచ్చినట్టే. ఒక ఇంటికి ఒక అడ్డు వరస, ఒక ప్రశ్నకు ఒక నిలువు వరస. సెల్స్ కలపకూడదు. అందం కోసం మధ్యలో ఖాళీ వరసలు వదలకూడదు. ఒకచోట "అవును", ఇంకోచోట "యస్", మరోచోట టిక్కు పెడితే లెక్కలో అవి మూడు వేర్వేరు జవాబులు. ఆదాయం చెప్పని ఇంటికి సున్నా వేయకూడదు, ఖాళీగా వదిలేయాలి. సున్నా అంటే ఆదాయం లేదని అర్థం, ఖాళీ అంటే మనకు తెలియదని అర్థం.

ఇంకొక చిన్న విషయం దగ్గరగా చూపిస్తాను. ఆదాయం కాలమ్‌లో కొందరు 15000 అని కొడతారు, కొందరు అలవాటుగా పక్కన గీతలు పెట్టి 15000/- అని కొడతారు. ఎక్సెల్ రెండోదాన్ని అంకెగా కాకుండా అక్షరాలుగా తీసుకుంటుంది. ఆ కాలమ్‌కి సగటు అడిగితే గీతలున్న ఇళ్లన్నిటినీ పక్కనపెట్టి మిగతావాటికి సగటు చెప్పేస్తుంది, మనకు ఒక్క ముక్క కూడా చెప్పదు. అదే ఫైలు ఆర్‌లో వేసి సగటు అడిగితే జవాబు ఇవ్వకుండా హెచ్చరిక చూపిస్తుంది. పాండాస్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కొత్తలో ఎర్రర్ చూస్తే టెన్షన్ పడతాం కానీ, ఇక్కడ ఎర్రరే మేలు. ఎక్సెల్లో దీన్ని కనిపెట్టడానికి సులువైన దారి ఒకటుంది. ఫార్మాటింగ్ ఏమీ మార్చకపోతే అంకెలు సెల్‌లో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరుగుతాయి. కాలమ్‌ను ఒకసారి పైనుంచి కిందికి చూసి ఎడమకు అతుక్కున్నవేమైనా ఉన్నాయేమో పట్టుకోండి.

సగటు కట్టాక మీడియన్ కూడా కట్టండి. పది ఇళ్లు చూశారనుకోండి, తొమ్మిదింటి నెల ఆదాయం 15 వేలు, ఒక ఇంటిది 2 లక్షలు. సగటు 33,500. కానీ ఆ పదిళ్లలో 33,500 సంపాదించే ఇల్లు ఒక్కటీ లేదు. మీడియన్ 15 వేలే. రిపోర్టులో సగటు మాత్రమే రాస్తే ఆ వీధి కలిగినవాళ్లదని చదివేవాళ్లు నమ్ముతారు. సర్వే చేసింది ఆ ఇళ్లవాళ్ల పరిస్థితి తెలియజెప్పడానికి కదా.

ఎక్సెల్ ఎక్కడ చాలదంటే, చేసిన పని వెనక్కి చూసుకోవాల్సి వచ్చినప్పుడు. ఏ సెల్‌లో ఏ ఫార్ములా ఉందో, అది ఎన్ని వరసల దాకా లాగామో పైకి కనిపించదు. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో దేశాల అప్పులకూ ఎదుగుదలకూ ఉన్న సంబంధం మీద ఒక పేపర్ రాశారు. ప్రభుత్వాల స్థాయిలో దాన్ని ఉటంకించారు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు పని కోసం ఆ లెక్క మళ్లీ చేయబోతే జవాబు కలవలేదు. అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుని చూస్తే సగటు ఫార్ములా అయిదు దేశాల వరసల్ని వదిలేసింది. దీంతోపాటు ఇంకొన్ని లోపాలూ బయటపడ్డాయి. కోడ్‌లో రాసిన లెక్కలోనూ పొరపాట్లు ఉంటాయి, కానీ అవి లైను లైనుగా కళ్లముందు ఉంటాయి, ఇంకొకరు చదివి పట్టుకోగలరు. ఎక్సెల్ నుంచి ఆర్‌కో పైథాన్‌కో మారమనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

ఆర్ ఎవరికి, పైథాన్ ఎవరికి

ఆర్‌ను 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ అధ్యాపకులు తయారుచేశారు. పాఠం చెప్పేవాళ్లు చేసిన భాష అని వాడుతుంటేనే తెలుస్తుంది. టీ-టెస్ట్, కై-స్క్వేర్, అనోవా, రిగ్రెషన్ లాంటి పాఠ్యపుస్తకం లెక్కలన్నీ విడిగా ఏమీ తెచ్చుకోకుండా అందులోనే ఉంటాయి. ఒక్క లైను కొడితే టీ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పి-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె), కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అన్నీ మీ పాఠ్యపుస్తకంలో ఉన్న పేర్లతోనే బయటికొస్తాయి. పుస్తకానికీ స్క్రీన్‌కీ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండటం కొత్తవాళ్లకు పెద్ద సాయం.

పైథాన్ అలా పుట్టలేదు. అది 1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన సాధారణ ప్రోగ్రామింగ్ భాష. స్టాటిస్టిక్స్ అందులోకి తర్వాత వచ్చిచేరింది. అందుకే పాండాస్, నమ్‌పై, సైపై, స్టాట్స్‌మోడల్స్ అని నాలుగైదు లైబ్రరీల మధ్య తిరగాలి. దానివల్ల లాభమూ ఉంది. వెబ్‌సైట్, యాప్, మెషీన్ లెర్నింగ్ ఏ వైపు వెళ్లినా అదే భాష పనికొస్తుంది. ఐటీ ఉద్యోగాల ప్రకటనల్లో ఆర్ కంటే పైథాన్ పేరే ఎక్కువగా కనిపిస్తుంది. బీటెక్ చదువుతూ క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కు సిద్ధమయ్యేవాళ్లను ఆర్ మొదలుపెట్టమని నేను చెప్పను.

అయితే బీఎస్సీ స్టాటిస్టిక్స్ పిల్లలు కూడా ఉద్యోగం పేరుతో నేరుగా పైథాన్‌కి పరిగెత్తడం సరికాదు. మొదటి రెండు నెలలూ లూపులు, లిస్టులు, ఇన్‌స్టాలేషన్ గొడవల్లోనే గడిచిపోతాయి, హైపోథిసిస్ టెస్టింగ్ (ఒక ఊహను డేటాతో పరీక్షించడం) దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. వాళ్లకు ఆర్ ఒక సెమిస్టర్‌లో చేతికొస్తుంది. పీజీకి వెళ్తే అక్కడా అదే పనికొస్తుంది. ఆ తర్వాత పైథాన్ నేర్చుకోవడం సులువు, ఎందుకంటే అప్పటికి దేనికోసం వెతుకుతున్నారో తెలిసి ఉంటుంది.

ఏది ఎంచుకున్నా ముందే తెలుసుకోవాల్సిన తేడా ఇంకొకటుంది. రెండు సెక్షన్ల మార్కులు పోల్చడానికి టీ-టెస్ట్ చేస్తారు కదా. మన డిగ్రీ పుస్తకాల్లో మామూలుగా చెప్పేది రెండు గుంపుల వేరియన్స్ సమానమని అనుకునే పద్ధతి. సైపై కూడా అడగకుండా అదే చేస్తుంది. ఆర్ మాత్రం వేరియన్స్ సమానమని అనుకోని వెల్చ్ పద్ధతితో మొదలవుతుంది, పుస్తకంలోలా కావాలంటే మనమే చెప్పాలి. ఎక్సెల్ టైప్ 2 (సమాన వేరియన్స్) కావాలా, టైప్ 3 (అసమాన వేరియన్స్) కావాలా అని మననే అడుగుతుంది. అందుకే ఒక డేటాకే స్నేహితులిద్దరికి కాస్త వేరే పి-వాల్యూలు వస్తాయి. ప్రాక్టికల్ రికార్డులో ఏ పద్ధతి వాడారో ఒక్క లైను రాయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేదీ అదే.

కొత్తగా నేర్చుకున్నది వచ్చిందో లేదో చూసుకోవడానికి ఆర్‌లోనే దొరికే ఒక డేటా ఉంది. ఆన్స్‌కంబ్ అని పేరు. ఫ్రాన్సిస్ ఆన్స్‌కంబ్ 1973లో తయారుచేసిన నాలుగు చిన్న డేటాసెట్లు అవి. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ దాదాపు 0.816. రిగ్రెషన్ లైను (చుక్కలకు దగ్గరగా సరిపోయేలా గీసే గీత) కూడా దాదాపు ఒకటే. గ్రాఫ్ గీసి చూడండి. ఒకదాంట్లో చుక్కలు మామూలుగా గీత చుట్టూ ఉంటాయి, ఒకటి వంపు తిరుగుతుంది, ఒకదాంట్లో ఒకే ఒక్క చుక్క గీతను పక్కకు లాగేస్తుంది, ఇంకోదాంట్లో అసలు సంబంధమే లేదు, దూరాన ఉన్న ఒక్క చుక్క వల్లే కోరిలేషన్ వచ్చింది. పైథాన్‌లో సీబార్న్ లైబ్రరీతోనూ ఇది తెచ్చుకోవచ్చు. అంకెలు కట్టకముందే గ్రాఫ్ గీసే అలవాటు నా మాటల కంటే ఈ నాలుగు బొమ్మలు బాగా నేర్పుతాయి.

ఎస్‌పీఎస్‌ఎస్ సంగతి

ఎంబీఏ, సోషల్ వర్క్, సైకాలజీ, ఫార్మసీ ప్రాజెక్టుల వాళ్లను గైడు ఎస్‌పీఎస్‌ఎస్ వాడమంటారు. 1968 నుంచి ఉన్న స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, 2009 నుంచి ఐబీఎం చేతిలో ఉంది, లైసెన్స్ ఖరీదు. డిపార్ట్‌మెంట్ లాబ్‌లో ఉంటే అక్కడే వాడుకోండి. పైరేటెడ్ కాపీ కోసం షాపుల చుట్టూ తిరగొద్దు, దాంతోపాటు వైరస్‌లూ వస్తాయి. జమోవి, జాస్ప్ అని రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మెనూల్లో నొక్కుతూ పని చేయొచ్చు, డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకు కావాల్సిన టెస్టులన్నీ దాదాపు ఉంటాయి. గైడు ఒప్పుకుంటారో లేదో మొదట్లోనే అడిగి తెలుసుకోండి, సబ్మిషన్ ముందు రోజు కాదు.

కోచింగా, స్వయమా, యూట్యూబా

"సార్, మా పాపని డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటున్నారు, చేర్చమంటారా అండీ?" అని తల్లిదండ్రులు ఫోన్ చేసినప్పుడు నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ కోర్సులో స్టాటిస్టిక్స్ ఎన్ని గంటలు చెబుతారు, ఎవరు చెబుతారు? చాలాచోట్ల దీనికి సరైన జవాబు దొరకదు. పైథాన్ బేసిక్స్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, మెషీన్ లెర్నింగ్ అన్నీ కొన్ని వారాల్లో చుట్టబెట్టి, స్టాటిస్టిక్స్‌ని రెండు క్లాసుల్లో దాటించేస్తారు. ప్రాక్టీసు డేటా కూడా ఐరిస్ పూలు, టైటానిక్ ప్రయాణికులే. ఐరిస్ మంచి డేటానే, 1936లో ఫిషర్ వాడినది, 150 పూల కొలతలు. కానీ దాని జవాబులన్నీ ఇంటర్నెట్‌లో సిద్ధంగా ఉంటాయి. కాపీ కొట్టిన ప్రాజెక్టు రెజ్యూమెలో పెట్టుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చేరాల్సిందే అనుకుంటే డెమో క్లాసులో కూర్చోండి, ఫీజు విడతల్లో కడతామనండి, పాత బ్యాచ్ పిల్లల్లో ఇద్దరితోనైనా వాళ్లు లేనప్పుడు మాట్లాడండి. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఇంట్లో కూర్చుని క్రమం తప్పకుండా చదవలేని పిల్లలకు, రోజూ ఒక టైముకి వెళ్లే చోటు ఉంటేనే పని జరిగేవాళ్లకు కోచింగ్ వల్ల మేలు ఉంటుంది. ఆ మేలు నేను కాదనను.

మిగతావాళ్లకు నేను చెప్పేది స్వయం. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఎన్‌పీటెల్ (ఐఐటీ, ఐఐఎస్సీ ప్రొఫెసర్ల పాఠాలు) కోర్సులు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మొదలవుతాయి. పాఠాలు వినడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాయాలంటేనే ఫీజు. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 తెచ్చుకుంటే సర్టిఫికెట్ వస్తుంది. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ శలభ్ గారి డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్ విత్ ఆర్ పాఠాలు మొదటి ఏడాది పిల్లలకు సరిగ్గా సరిపోతాయి, తొందరపడకుండా, చిన్న చిన్న అంకెలతో చెబుతారు. యూజీసీ నిబంధనలు స్వయం క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోనిస్తాయి, మీ కాలేజీ ఏ కోర్సులకు ఒప్పుకుంటుందో చేరకముందే ఆఫీసులో కనుక్కోండి. ఇబ్బంది ఒకటే. వారం వారం గడువు ఉంటుంది, వెంటపడి చేయించేవాళ్లు ఉండరు. ఇద్దరు ముగ్గురు కలిసి చేరితే మధ్యలో ఆగిపోకుండా ఉంటారు.

యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే పాఠాలు పరీక్ష ముందు ఒక లెక్క అర్థం కాకపోతే చూసుకోవడానికి బాగుంటాయి. సబ్జెక్టు మొత్తం వాటితో నేర్చుకోవాలంటే వరస కుదరదు.

మీ ప్రాక్టీసు డేటా ఎక్కడిదై ఉండాలి

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఇది మాత్రం మన ఊరిది తీసుకోండి. గుంటూరు మిర్చి యార్డు మీద ఆధారపడి బతికే ఇళ్ల పిల్లలు ఎందరో మన క్లాసుల్లో ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైటులో మార్కెట్ల ధరలు రోజువారీగా ఉంటాయి: కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర, అన్నీ క్వింటాలుకు. ఆ మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, పుస్తకంలోని మోడ్ భావనే. మోడ్ దేనికీ పనికిరాదనుకునే పిల్లలు ఈ కాలమ్ చూడాలి. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతుకు గరిష్ఠ ధర పేపర్లో చదువుకోవడానికి బాగుంటుంది, తన సరుకు ఎంత పలుకుతుందో అంచనా వేసుకోవడానికి మోడల్ ధరే అక్కరకొస్తుంది. ఒక సీజన్ ధరలు దించుకుని నెలవారీ మీడియన్ కట్టండి, బాక్స్ ప్లాట్ గీయండి. సెలవు రోజులు ఖాళీగా ఉంటాయి, వాటిని ఏం చేయాలో మీరే నిర్ణయించుకోవాలి. ఐరిస్ పూలలో ఈ సమస్య ఎదురుకాదు.

విజయవాడ వాళ్లు ప్రకాశం బ్యారేజీ నీటి విడుదల లెక్కలు తీసుకోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వచ్చిన వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్ని ఔట్‌లయర్ (మిగతావాటికి చాలా దూరంగా ఉన్న అంకె) అని తీసేయాలా? సగటు ప్రవాహం అడిగితే అవి జవాబును పాడుచేస్తాయి, నిజమే. కానీ గట్టు ఎంత ఎత్తు కట్టాలన్నది ప్రశ్న అయితే ఆ రోజులే అసలు డేటా. అవే రోజుల్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో నీళ్లలో చిక్కుకున్న ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు ఈ పాఠం ఇంకో రకంగా అందుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌లయర్లు తీసే బటన్ ఉంటుంది, తీయొచ్చో లేదో మాత్రం ఆ డేటా దేనికోసమో తెలిసినవాళ్లే చెప్పగలరు.

లాప్‌టాప్ లేనివాళ్లకు

కొత్త లాప్‌టాప్ కొనేదాకా ఆగొద్దు. మీ ఇంట్లో 4 జీబీ రామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంటే ఆర్ దానిమీద హాయిగా నడుస్తుంది, ఇన్‌స్టాలర్ చిన్నది, డిగ్రీ డేటాకు అంతకంటే అక్కర్లేదు. అనకొండ అనే పెద్ద ప్యాకేజీ పెట్టి పైథాన్ మొత్తం దించితే చాలా జీబీలు తింటుంది, కాబట్టి పాత మెషీన్ వాళ్లు గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే రాసుకోండి, ఇందులో ఆర్ కూడా నడుస్తుంది. ఫోన్లోనూ తెరుచుకుంటుంది. చిన్న తెర మీద కోడ్ కొట్టడం కష్టమే, అందుకే కోడ్ కాలేజీ లాబ్‌లో రాసి డ్రైవ్‌లో దాచుకుని, ఇంటికొచ్చాక ఫోన్లో నడిపి జవాబులు చదువుకోండి. లాబ్ ఖాళీగా ఉండే గంటలు సిస్టమ్స్ చూసే అన్నను అడిగితే చెబుతారు. అడిగే పిల్లలు తక్కువ కాబట్టి సీటు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.